అమ్మకు రాత్రి 3 గంటల నొప్పి: గోలీల టైమ్ ఎలా సర్దుకున్నారు?

మాది మిర్యాలగూడ. అమ్మకు 61 ఏళ్లు, రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయి 14 నెలలైంది, స్కాన్‌లో జబ్బు లేదన్నారు, కానీ ఎడమ చంకలో, జబ్బ లోపలి వైపు మంట, కరెంట్ షాక్ కొట్టినట్టు పోట్లు తగ్గట్లేదు. నరాల నొప్పి అని చెప్పారు.

డాక్టర్ రాసింది ట్రమడాల్ (గట్టి నొప్పి గోలీ) 50 ఎంజీ ఉదయం 8, మధ్యాహ్నం 2, రాత్రి 8కి, పడుకునే ముందు నరాల నొప్పికి ప్రీగాబాలిన్ 75 ఎంజీ. పగలు పర్వాలేదు. రాత్రి 3కి మాత్రం నొప్పితో లేచి కూర్చుంటుంది, మళ్లీ 8 గంటల గోలీ దాకా నిద్ర ఉండదు.

రాత్రి 8 గంటల ట్రమడాల్ 10కి జరిపి చూశాం, సాయంత్రమే నొప్పి మొదలైంది. పారాసిటమాల్ 650 పని చేయలేదు. మలబద్ధకానికి లాక్టులోజ్ ఇస్తున్నాం. అలవాటైపోతుందని భయపడి అమ్మే వారం రోజులు మధ్యాహ్నం గోలీ మానేసింది, ఆ వారం రాత్రులు ఇంకా ఘోరం. డోస్ మేమంతట మేం పెంచలేదు, పెంచం కూడా. ఎలాగూ 2018 నుంచి ట్రమడాల్ ఎన్‌డీపీఎస్ (మత్తు మందుల నియంత్రణ) చట్టం కిందికి వచ్చింది, చీటీ లేకుండా షాపులో ఇవ్వరు, అది మంచిదే.

హైదరాబాద్‌లో అపాయింట్‌మెంట్ ఇంకా 18 రోజులుంది, ఏం అడగాలో తెలుసుకుని వెళ్లాలని. ఇలా తెల్లవారుజామున నొప్పి తిరగబెట్టిన వాళ్లకు మీ డాక్టర్ ఏం మార్చారు, నెమ్మదిగా పనిచేసే ఎస్‌ఆర్ గోలీయా, ప్రీగాబాలిన్ డోసా, ఇంకేదైనానా?