ఎడమ కన్ను సిలిండర్ 2.00, యాక్సిస్ 40. డాన్సుకి ఏ లెన్స్ కుదురుతుంది?

గజ్జెలచప్పుడు (విజయవాడ)

అందరికీ నమస్కారం. నాకు ఇరవై ఏడేళ్లు. చిన్నప్పటి నుంచీ కూచిపూడి చేస్తున్నాను, సాయంత్రాలు మా వీధి పిల్లలకి నేర్పుతాను. ఇంట్లో, క్లాసులో కళ్లద్దాలతోనే ఉంటాను. స్టేజీ మీద అవి కుదరవు కాబట్టి ఇన్నాళ్లూ తీసేసి అంచనా మీద నెట్టుకొచ్చాను.

తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడాలి కదా. పళ్లెం మీదికి ఎక్కే ముందు ఓరకంట ఒక్కసారి కిందికి చూసుకుంటాను. నాకు అంచు ఒకటి కాదు, రెండు కనిపిస్తాయి. ఒకదాని పక్కన ఇంకొకటి నీడ పడ్డట్టు ఉంటుంది. ఏది అసలు అంచో కాలికి తెలియాల్సిందే. స్టేజీ లైట్లయితే గుండ్రంగా ఉండవు, ఏటవాలుగా గీతలు సాగినట్టు ఉంటాయి. అందుకే ఈసారి ఎలాగైనా లెన్సులు సరిగ్గా పెట్టించుకోవాలని గట్టిగా అనుకుంటున్నాను.

నా చీటీ ఇది (సిలిండర్ అంటే కంటి వంపులో తేడాకి వేసే అదనపు పవర్, యాక్సిస్ అంటే అది ఏ కోణంలో ఉండాలో చెప్పే అంకె):

కుడి: మైనస్ 2.25, సిలిండర్ మైనస్ 1.75, యాక్సిస్ 170
ఎడమ: మైనస్ 1.75, సిలిండర్ మైనస్ 2.00, యాక్సిస్ 40

ఇప్పటికి రెండుసార్లు డబ్బు పోయింది. మొదటిసారి అద్దాల షాపులో చీటీ చూసి, "సిలిండర్ పవర్‌ని మామూలు పవర్‌లో కలిపేస్తాం, సరిపోతుంది" అని కుడికి 3.00, ఎడమకి 2.75 మామూలు లెన్సులు ఇచ్చారు. మనుషులు కనిపించారు గానీ ముఖాలు కనిపించలేదు. గంటకే తలనొప్పి. తర్వాత సిలిండర్ పవర్ కూడా ఉండే టోరిక్ లెన్సులని ఉంటాయని తెలిసి, ఆన్‌లైన్‌లో చీటీలో ఉన్న అంకెలే కొట్టి తెప్పించుకున్నాను. కుడి కన్ను పరవాలేదు. ఎడమ కన్ను మాత్రం ఒక నిమిషం అద్దంలా ఉంటుంది, రెండు రెప్పలు వేయగానే అలుక్కుపోతుంది, మళ్లీ వస్తుంది. డాన్సులో చెయ్యి ఎటు పోతే చూపు అటు పోవాలి. చూపు తిప్పిన ప్రతిసారీ ఇలా అయితే ఎలా?

కార్తీక మాసంలో గుడిలో కార్యక్రమం ఉంది. నా పవర్‌కి లెన్సులు అసలు కుదురుతాయా? రోజుకొకటి పారేసేవి మంచివా, నెలవి మంచివా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

కంటిచీటీ (ఆప్టోమెట్రిస్ట్, గుంటూరు)

తప్పకుండా కుదురుతాయమ్మా. మీ పవర్ కష్టమైన పవర్ కాదు. ఎడమ కంటి యాక్సిస్ ఒక్కటే కొంచెం పని పెడుతుంది.

ముందు షాపువాళ్లు చేసిన లెక్క చెబుతాను. సిలిండర్‌లో సగం తీసి మామూలు పవర్‌కి కలిపారు. మీ కుడి కంటికి 1.75లో సగం 0.87, దాన్ని 2.25కి కలిపితే 3.12, దగ్గరలో ఉన్నది 3.00. ఎడమకి 1.00 కలిపితే 2.75. లెక్కలో తప్పు లేదు. 0.50, 0.75 సిలిండర్ ఉన్నవాళ్లకి నేనూ ఒక్కోసారి ఇలాగే ఇస్తాను, వాళ్లకి సరిపోతుంది. 2.00 ఉన్నవాళ్లకి ఇవ్వకూడదు. గరిటె వెనక వైపు చూడండి, పొడుగునా వంపు తక్కువ, అడ్డంగా వంపు ఎక్కువ. మీ నల్లగుడ్డు మీది పారదర్శక పొర, అంటే కార్నియా, అలా ఉంది. రెండు వంపులకీ కలిపి ఒకే సగటు పవర్ పెడితే ఏ వంపుకీ పూర్తిగా న్యాయం జరగదు. మీరు చెప్పిన నీడ అందుకే అలాగే ఉండిపోయింది.

ఇక టోరిక్. ఈ లెన్స్‌లో పవర్ ఒక నిర్ణీతమైన కోణంలో ఉంటుంది. కాబట్టి అది కంటి మీద గుండ్రంగా తిరగకుండా అదే కోణంలో నిలబడాలి. కళ్లద్దాలైతే ఫ్రేమ్ పట్టుకుని ఉంటుంది, లెన్స్‌ని పట్టుకునేది మీ రెప్పలే. 10 డిగ్రీలు పక్కకి జరిగితే సిలిండర్ దిద్దుబాటులో సుమారు మూడో వంతు పోతుంది. 30 డిగ్రీలు జరిగితే టోరిక్ పెట్టుకున్న లాభమే ఉండదు.

పైరెప్ప మూసుకునేటప్పుడు తిన్నగా కిందికి దిగదు. బయటి మూల నుంచి ముక్కు వైపుకి జిప్పు లాగినట్టు మూసుకుంటుంది. ప్రతి రెప్పపాటుకీ లెన్స్‌కి ఒక చిన్న తోపు తగులుతుంది. 180, 90 దగ్గర యాక్సిస్ ఉన్నవాళ్ల కంటే మీ 40 లాంటి ఏటవాలు యాక్సిస్‌లో లెన్స్ నిలబెట్టడం కొంచెం కష్టం. కుడి కన్ను బాగుండి ఎడమ కన్ను ఇబ్బంది పెట్టడంలో ఆశ్చర్యం లేదు.

లెన్స్ కుదరకపోవడం రెండు రకాలుగా ఉంటుంది, ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. ఒకటి, లెన్స్ పక్కకి జరిగి అక్కడే కదలకుండా కూర్చోవడం. అది సులువు, ఎంత జరిగిందో కొలిచి యాక్సిస్ మార్చి ఆర్డర్ పెడతాం. రెండోది, రెప్ప వేసినప్పుడల్లా ఊగడం. దానికి యాక్సిస్ ఎంత మార్చినా లాభం లేదు, లెన్స్ రకమే మార్చాలి. మీరు చెప్పినదాన్ని బట్టి మీది రెండోదే అనిపిస్తోంది.

లెన్స్‌ని నిలబెట్టే పద్ధతి కంపెనీని బట్టి మారుతుంది. బయోఫినిటీ టోరిక్ లాంటివి అడుగు భాగం మందంగా ఉండి దాని సాయంతో నిలబడతాయి. అక్యువ్యూ ఒయాసిస్‌లో ఆస్టిగ్మాటిజం (మీలా సిలిండర్ అవసరమయ్యే వంపు తేడా) కోసం వచ్చేది రెప్పల ఒత్తిడిని వాడుకుంటుంది. ఒకరికి కుదిరింది ఇంకొకరికి కుదరదు. అందుకే ఏ బ్రాండ్ మంచిదని అడిగితే నేను జవాబు చెప్పలేను, కంట్లో పెట్టి చూడాల్సిందే. టోరిక్ లెన్స్ మీద సన్నని గుర్తు ఉంటుంది, కొన్నింటికి అడుగున, కొన్నింటికి రెండు పక్కలా. ట్రయల్ లెన్స్ పెట్టి పదిహేను, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దగా చేసి చూపే పరికరం) కింద ఆ గుర్తు ఎక్కడ ఉందో, రెప్ప వేస్తే ఎటు పోతోందో చూడాలి. ఆ పని చేసే చోటికి వెళ్లండి. అంకెలు కొట్టి తెప్పించుకుంటే ఈ మెట్టు మొత్తం ఎగిరిపోతుంది.

ఇంకో మాట. అద్దాల చీటీలోని అంకెలే లెన్స్ అంకెలు కావు. టోరిక్‌లో సిలిండర్ సాధారణంగా 0.75, 1.25, 1.75, 2.25 అనే వరసలో వస్తుంది. మీ 2.00కి ఎక్కువది కాకుండా తక్కువది, అంటే 1.75 ముందు పెట్టి చూస్తారు. పవర్ 4.00 దాటితే అద్దానికీ కంటికీ మధ్య దూరం వల్ల అంకె కూడా మారుతుంది.

రోజువారీ లెన్సులు శుభ్రత రీత్యా అన్నిటికంటే మేలు. కానీ వాటిలో కొన్ని రకాల్లో ఏటవాలు యాక్సిస్‌లు అన్నీ దొరకవు. నెలవి తీసుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. ఒక లెన్స్ ప్యాకెట్ తెరిచిన రోజు నుంచి నెల వరకే దాన్ని వాడాలి, నాలుగుసార్లే పెట్టుకున్నా సరే.

మెదక్_నుంచి

అక్కా, ఒక్క విషయం అడుగుతాను. మీ సిలిండర్ ఏటేటా పెరుగుతోందా? కళ్లు బాగా నలుపుతారా?

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు 1.25 ఉండేది. ఇరవై రెండు వచ్చేసరికి 3.00 అయింది, యాక్సిస్ కూడా ప్రతిసారీ వేరే. షాపువాళ్లు తప్పు చూస్తున్నారనుకుని షాపులు మార్చుకుంటూ రెండేళ్లు పోగొట్టుకున్నాను. చివరికి ఒక డాక్టరు గారు కార్నియా టోపోగ్రఫీ, అంటే కార్నియా వంపుల పటం, తీయించారు. ఆ రంగుల బొమ్మలో కింది భాగమంతా ఎర్రగా ఉంది. కెరటోకోనస్ అన్నారు, అంటే కార్నియా పల్చబడి ముందుకి పొడుచుకు వస్తోందన్నమాట. ఇంకా పెరగకుండా కార్నియాని గట్టిపరిచే క్రాస్ లింకింగ్ చికిత్స చేశారు. మామూలు టోరిక్ నాకు పనిచేయలేదు, ఇప్పుడు స్క్లెరల్ లెన్స్ పెట్టుకుంటాను. అది పెద్దగా ఉండి తెల్లగుడ్డు మీద ఆనుతుంది, లోపల నీటి పొర ఉంటుంది కాబట్టి కార్నియా ఎగుడుదిగుడు కనిపించదు.

మీకు ఇది ఉందని కాదు, భయపడకండి. పవర్ మారుతుంటే మాత్రం లెన్సుల కంటే ముందు ఆ టెస్టు చేయించుకోండి. చిన్నప్పటి నుంచి కళ్లు నలిపే అలవాటు నాకుంది, అది ఎంత నష్టం చేస్తుందో నాకెవరూ చెప్పలేదు.

గజ్జెలచప్పుడు

తమ్ముడూ, అడిగినందుకు చాలా థాంక్స్. పాత చీటీలన్నీ తీసి చూశాను. ఐదేళ్ల కింద ఎడమ సిలిండర్ 1.75, యాక్సిస్ 40. ఇప్పుడు 2.00, యాక్సిస్ అదే. అయినా డాక్టరు గారిని అడిగి టోపోగ్రఫీ చేయించుకుంటాను.

ఒక చీటీలో ప్లస్ 1.75, యాక్సిస్ 130 అని ఉంది. టెన్షన్ పడ్డాను. ఇది వేరే పవరా?

కంటిచీటీ

అదే పవరమ్మా, రాసే పద్ధతి వేరు. సిలిండర్ ప్లస్‌లో రాస్తే యాక్సిస్ 90 తేడాతో వస్తుంది, 40 కాస్తా 130 అవుతుంది. ముందున్న అంకె కూడా దానికి తగ్గట్టు మారి ఉంటుంది చూడండి. లెన్స్ ఆర్డర్ ఎప్పుడూ మైనస్ పద్ధతిలోనే పెట్టాలి. ఇవి రెండూ కలిపేసి తప్పు లెన్స్ తెప్పించుకున్నవాళ్లని చూశాను.

నల్లకాటుక (రాజమహేంద్రవరం)

తల్లీ, నేను పద్దెనిమిదేళ్లు లెన్సులతోనే డాన్సు చేశాను. పవర్ సంగతి ఆ సార్ చెప్పారు, నేను మేకప్ సంగతి చెబుతాను.

లెన్స్ ముందు, మేకప్ తర్వాత. చేతులు సబ్బుతో కడిగి, నూలు పోగులు రాలని గుడ్డతో తుడుచుకుని లెన్స్ పెట్టుకో. ఆ తర్వాతే ముఖానికి రంగు. ఒకసారి చేతికి క్రీమ్ అంటాక ఎన్నిసార్లు కడిగినా ఆ జిడ్డు లెన్స్ మీదికి ఎక్కుతుంది. కాటుక కనురెప్ప లోపలి అంచున పెట్టకు, వెంట్రుకల బయట గీసుకో. మన డాన్సులో కన్ను పెద్దదిగా కనిపించాలి నిజమే, బయట గీత మందంగా లాగితే ఆడిటోరియం చివరి వరసకి కూడా కనిపిస్తుంది. పౌడర్ అద్దేటప్పుడు కళ్లు మూసుకో. ఇంటికొచ్చాక లెన్స్ ముందు తీసి, తర్వాత కొబ్బరి నూనెతో మేకప్ తుడుచుకో.

నా దగ్గర నేర్చుకున్న పిల్ల ఒకసారి గ్రీన్ రూములో లెన్స్ జారి పడితే గబగబా కుళాయి కింద కడిగి పెట్టేసుకుంది. మూడో రోజుకి కన్ను చింతనిప్పులా అయింది, వెలుతురు చూడలేకపోయింది. వారాల తరబడి చుక్కల మందు వేయాల్సి వచ్చింది. కుళాయి నీళ్లలో కంటిని తినేసే క్రిములు ఉంటాయట. లెన్స్‌కి నీళ్లు తగలకూడదు, సొల్యూషన్ మాత్రమే. బ్యాగులో ఇంకో జత, పాత కళ్లద్దాలు ఎప్పుడూ పెట్టుకో. ఎర్రబడితే షో ఉన్నా సరే తీసెయ్యి. కంటి కంటే కార్యక్రమం ఎక్కువ కాదమ్మా.

గజ్జెలచప్పుడు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, మీరందరూ చెప్పింది చేశాను.

టోపోగ్రఫీ బాగుంది, కెరటోకోనస్ ఏమీ లేదన్నారు. కుడి కంటికి మొదటి ట్రయల్ లెన్స్‌తోనే సరిపోయింది. ఎడమ కంట్లో మొదట పెట్టింది ఊగింది. డాక్టరమ్మ నన్ను ఇటూ అటూ చూడమని, గట్టిగా రెప్పలు వేయమని చూశారు. నేను డాన్సు చేస్తానని చెప్పాక, కుర్చీలోంచి లేపి మెడ కదపకుండా చూపు పక్కలకి, పైకి, కిందికి మా పద్ధతిలో తిప్పమని మళ్లీ కూర్చోబెట్టి చూశారు. అంత ఓపికగా చూస్తారని అనుకోలేదు.

రెండో రకం లెన్స్ పెట్టాక అడుగున ఉన్న గుర్తు కదలడం మానేసింది. కాకపోతే తిన్నగా ఆరు గంటల దగ్గర లేదు. ఆరుకీ ఏడుకీ మధ్య మూడో వంతు దూరంలో, అంటే ఆవిడ వైపు నుంచి చూస్తే ఎడమకి 10 డిగ్రీలు జరిగి కూర్చుంది. ఎన్నిసార్లు చూసినా అక్కడే. "ఎడమకి జరిగితే కలపాలి, కుడికి జరిగితే తీసేయాలి" అని, నా 40కి 10 కలిపి యాక్సిస్ 50 ఆర్డర్ పెట్టారు. నెల లెన్సులే, రోజువారీ వాటిలో నాకు కావలసిన యాక్సిస్ దొరకలేదు. రెండు కళ్లకీ వేరు కాబట్టి రెండు పెట్టెలు కొన్నాను.

నిన్న సాయంత్రం క్లాసయ్యాక పిల్లల్ని పంపించేసి, లెన్సులతో పళ్లెం తీసి నేల మీద పెట్టుకున్నాను. కిందికి చూస్తే అంచు ఒక్కటే ఉంది. దాని మీద మా అమ్మ చింతపండుతో తోమిన గీతలు కూడా కనిపించాయి. కాసేపు ఎక్కకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఒక సందేహం మిగిలింది. షాపులో పెట్టెలు ఇస్తూ, "చీటీలో 40 ఉంది, పెట్టె మీద 50 ఉంది, తప్పొచ్చింది, మార్చిస్తాం" అన్నారు. వద్దని తెచ్చేసుకున్నాను. వచ్చే నెల పెట్టె తెప్పించేటప్పుడు వాళ్లు దిద్దేయకుండా డాక్టరమ్మ దగ్గర లెన్స్ చీటీ వేరుగా రాయించుకోవచ్చా?

కంటిచీటీ

రాయించుకోవచ్చు కాదు, రాయించుకోవాలి. లెన్స్ రకం పేరు, బేస్ కర్వ్ (లెన్స్ వంపు), డయామీటర్ (లెన్స్ వెడల్పు), పవర్, సిలిండర్, యాక్సిస్ 50, అన్నీ అందులో ఉండాలి. లెన్స్ రకం మారిస్తే ఆ 50 చెల్లదు, మళ్లీ ట్రయల్ పెట్టించుకోవాలి. కార్తీక మాసానికి ముందు ఒకసారి చెకప్‌కి వెళ్లిరండి.