సుడి రాడార్‌లో కనిపిస్తే చాలు, రైలు ఆపేయాలా?

గాలిపటం:
2005 డిసెంబరు 25 రాత్రి జపాన్‌లోని యమగత ప్రాంతంలో ఇనాహో ఎక్స్‌ప్రెస్ మొగామి నది వంతెన దాటిందో లేదో, పక్కనుంచి విరుచుకుపడిన గాలికి పట్టాలు తప్పింది. 5 మంది చనిపోయారు. వంతెన మీది అనిమోమీటర్ (గాలి వేగాన్ని కొలిచే పరికరం) మాత్రం రైలును ఆపాల్సినంత గాలి చూపనే లేదు. దాంతో ఆ రైళ్లు నడిపే జేఆర్ ఈస్ట్ సంస్థ 2007లో దగ్గర్లోని అమరుమె స్టేషన్‌లో, గాలి దగ్గరికొస్తోందో దూరమవుతోందో చూపే డాప్లర్ రాడార్ పెట్టి, వాతావరణ పరిశోధకులతో కలిసి చలికాలపు సుడుల (గిరగిరా తిరిగే గాలుల) మీద అధ్యయనం మొదలుపెట్టింది. 2017 డిసెంబరు నుంచి రాడార్‌లో సుడి కనిపిస్తే, అది సాగే దారిలోని రైళ్లను ఆపుతున్నారు. నేల మీద ఆకు కదలకముందే పైన కనిపించినదాన్ని నమ్మి రైలు ఆపడం సబబేనా?

ఇనుపచక్రం:
కాదంటాను. మేఘంలో తిరిగే ప్రతి సుడీ నేలకు దిగదు. మంచు కురిసే రోజున మబ్బు వెనక మబ్బు వస్తూనే ఉంటుంది, వచ్చినప్పుడల్లా ఆపుతారా? ఉత్తుత్తి హెచ్చరికలు పెరిగితే ‘నాన్నా పులి’ కథే. ఆ డబ్బుతో రైలు కట్ట పొడవునా గాలిని అడ్డుకునే కంచెలు కట్టండి, అనిమోమీటర్లు పెంచండి.

మబ్బుతెర:
అనిమోమీటర్ తానున్న చోటి గాలినే చెబుతుంది. ఈ సుడుల వ్యాసం చాలావరకు కొన్ని వందల మీటర్లే. అనిమోమీటర్లున్న రెండు స్తంభాల మధ్య నుంచి దూరిపోతే ఏ పరికరానికీ తెలియదు. తెలిసినా, గంటకు 100 కిలోమీటర్లతో పోతున్న రైలు అప్పుడు బ్రేకు వేసి ఏం లాభం?

రాడార్ తెర మీద దగ్గరికొచ్చే గాలిది ఒక రంగు, దూరమయ్యే గాలిది మరో రంగు. ఆ రెండు రంగుల ముదురు మచ్చలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే, మధ్యలో సుడి ఉన్నట్టు. సెకనుకు 15 మీటర్ల చొప్పున వచ్చే సుడిని 10 కిలోమీటర్ల ముందే పసిగడితే 11 నిమిషాల వ్యవధి దొరుకుతుంది.

ఇనుపచక్రం:
మరి ఆ మచ్చలు ఎంత ఎత్తులో ఉన్నాయి? ఒక డిగ్రీ వెడల్పున్న రాడార్ కిరణం 30 కిలోమీటర్ల దూరంలో 500 మీటర్లకు పైగా విచ్చుకుంటుంది. 300 మీటర్ల సుడి అందులో కలిసిపోదా? అంటే ఉత్తుత్తి హెచ్చరికలతో పాటు, అసలు దొరకని సుడులూ ఉంటాయన్నమాట.

మబ్బుతెర:
ఉంటాయి. అందుకే రాడార్‌ను తెచ్చి రైలు మార్గం పక్కనే పెట్టారు. సైబీరియా చలిగాలి వెచ్చటి జపాన్ సముద్రం మీదుగా వస్తూ పుట్టించే మేఘాలవి, చాలా పొట్టివి. మన వేసవిలో ఉరుములతో ఎత్తుగా లేచే క్యుములోనింబస్ మేఘాలతో పోల్చేవి కావు. దూరపు రాడార్ కిరణం వాటి తలల మీదుగా పోతుంది. 2020 నుంచి డీప్ లెర్నింగ్‌నూ (ఉదాహరణలు చూసి కంప్యూటర్ నేర్చుకునే పద్ధతి) వాడుతున్నారు, మచ్చల జంట స్పష్టంగా లేని సుడులను కూడా గుర్తించడానికి.

చలిమంట:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఎక్కడ ఆపుతారన్నది ఎవరూ అడగలేదే! సుడి దారికి బయట ఆపితేనే ప్రయోజనం. వంతెన మీద ఆపి చేతులు కట్టుకుంటే ఎలా?

గాలిపటం:
నిజమే, దారికి బయటే ఆపాలి. కానీ ఒకవేళ దొరికిపోయినా, ఆగిన రైలు కంటే పరుగెత్తే రైలు తక్కువ గాలికే ఒరుగుతుంది.

ఇనుపచక్రం:
అయితే వేగం తగ్గిస్తే సరిపోతుందిగా, ఆపడమెందుకు?

మబ్బుతెర:
మామూలు ఈదురుగాలికి సరిపోవచ్చు. ఆ రాత్రి ఇనాహోను తాకింది సెకనుకు దాదాపు 40 మీటర్ల గాలి అని దర్యాప్తు సంఘం అంచనా.