‘బ్లాక్ లైవ్స్ మ్యాటర్’ను తెలుగులో ఎలా రాయాలి?

పిల్లల లైబ్రరీలో పెట్టే చార్టుకు ఈ నినాదం తెలుగు చేయలేక రెండు వారాలుగా ఆగిపోయాను. అమెరికాలో ట్రేవాన్ మార్టిన్ అనే నల్లజాతి కుర్రాణ్ని కాల్చి చంపిన వ్యక్తి 2013లో నిర్దోషిగా బయటపడ్డాక, అలీషియా గార్జా, పాట్రిస్ కల్లర్స్, ఓపల్ టొమెటి అనే ముగ్గురు ఉద్యమకారిణులు మొదలుపెట్టిన మాట ఇది.

‘నల్లజాతివారి ప్రాణాలు ముఖ్యం’ అని రాస్తే, పిల్లలు “మరి మిగతావాళ్లవి?” అని అడిగారు. ‘ప్రాణాలకు విలువుంది’ అని మార్చాను, చప్పగా ఉంది. ‘నల్లజాతివారి ప్రాణాలూ ప్రాణాలే’ అనగానే అందరికీ అర్థమైంది. కానీ ‘లూ’లోని ఆ ఒక్క దీర్ఘం మూలంలో లేని ‘కూడా’ను తెచ్చిపెడుతోంది. వాళ్లు అనని మాట నేను కలపొచ్చా అన్నదే నా టెన్షన్.

అట్ట మీద ఒకటే వరస, నాలుగు మాటలకు మించి పట్టవు. ఆ దీర్ఘం లేకుండా అంతే సూటిగా తగిలే నినాదం మీకేమైనా తడుతోందా?