అభయారణ్యం కుంటల్లో గాలం వేయనివ్వాలా, వద్దా?

నర్సంపేట గాలం
వరంగల్ దగ్గరి పాకాల అభయారణ్యం లోపలి చిన్న కుంటల్లో గాలం వేసుకోనివ్వాలని నా వాదన. వానాకాలంలో ఒర్రెలు, వాగులు పొంగితే చేపలు ఎదురెక్కి ఈ కుంటల్లో చేరతాయి. మార్చి దాటితే నీళ్లు అడుగంటుతాయి, తర్వాత చాలా కుంటల్లో మిగిలేది బురదే. ఎట్లాగూ చచ్చే చేపలవి. వల వద్దు, తెప్ప వద్దు. మనిషికి ఒక్క గాలం, తెల్లవారిన తర్వాత రెండు గంటలు చాలు. రుసుము పెడితే కడతాం.

పోయిన ఎండాకాలం ఒక చెక్‌పోస్టు దగ్గర నన్ను ఆపి గాలం కర్రలు గుంజుకున్నారు. రసీదు అడిగితే ఇవ్వలేదు. అదే దారిలో కార్లలో వచ్చినవాళ్లు పాకాల చెరువు కట్ట మీద బిర్యానీ తిని ప్లేట్లు అక్కడే పడేసి పోయారు, వాళ్లను అడిగినవాళ్లే లేరు. అడవికి ఎవరి వల్ల నష్టమో మీరే చెప్పండి.

అడవిబాట
అన్నా, ప్లేట్లు పడేసినవాళ్లది తప్పే. దానికీ గాలానికీ సంబంధం లేదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 29వ సెక్షన్ ప్రకారం అభయారణ్యం నుంచి వన్యప్రాణి సంపదను అనుమతి లేకుండా తీసుకుపోకూడదు. ఆ అనుమతి ఇచ్చేది చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్. అది కూడా అక్కడి వన్యప్రాణుల మేలుకు అవసరమైతేనే. మన సరదా ఆ లెక్కలోకి రాదు.

చట్టం పక్కన పెడదాం. 'ఎట్లాగూ చచ్చే చేపలు' అన్నారు. కొర్రమట్ట, అంటే కొర్రమీను, గాలి పీల్చుకుంటుంది. నీళ్లు పోయినా బురదలో తడి ఉంటే తొలకరి దాకా ప్రాణం నిలుపుకోగలదు. వచ్చే ఏడాదికి విత్తనం అదే. మిగతా చేపల మీద కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు బతుకుతాయి. ఎండాకాలంలో వాటికి అంత సులువుగా తిండి దొరికే చోటు ఇంకోటి లేదు. ఇక తెల్లవారిన తర్వాత రెండు గంటలంటున్నారు. దుప్పులు, పందులు నీళ్లకు వచ్చే వేళ కూడా అదే. కుంట గట్టు మీద మనిషి కూర్చుంటే అవి దూరంగానే ఆగిపోతాయి. చుట్టుపక్కల ఇంకో నీటి చుక్క లేని నెలలో ఇది చిన్న విషయం కాదు.

హన్మకొండ వాసి
చేపలు కావాలంటే మార్కెట్ ఉంది. అడవిని వదిలేయండి.

నర్సంపేట గాలం
మార్కెట్‌లో చేపలు దొరుకుతాయని నాకూ తెలుసు.

అడవిబాట గారూ, కొర్రమట్టలు ఒడ్డునే ఉంటాయి కాబట్టి ఎవరికైనా దొరుకుతాయి. నేను చిన్నవి పట్టను. పడితే వదిలేస్తాను.

అడవిబాట
జులై, ఆగస్టుల్లో నీటి మీద ఎర్రగా ముద్దలా కదిలే కొర్రమట్ట పిల్లల గుంపును మీరు చూసే ఉంటారు. దాని కింద తల్లీతండ్రీ కాపలా కాస్తుంటాయి. గాలం వేసేవాళ్లు కావాలనే ఆ గుంపు మీద కప్ప ఎర విసురుతారు. పిల్లల మీదికి ఏదో వచ్చిందని పెద్ద చేప దూకి పట్టుకుంటుంది. దాన్ని లాగేస్తే ఆ పిల్లలకు కాపలా ఉండదు, గంటల్లోనే వేరే చేపలకు మేత అవుతాయి. మన తెలంగాణ రాష్ట్ర చేప అని 2016లో ప్రకటించుకున్నది ఈ కొర్రమీనునే. చిన్నవి వదిలేస్తే సరిపోదు. పెద్దవి ఏ నెలలో పట్టారన్నది అసలు విషయం.

ఇంకోటి, నైలాన్ దారం. తెగిన దారం చెట్టుకో తుంగకో చిక్కుకుని ఏళ్ల తరబడి ఉంటుంది. కాలికి దారం చుట్టుకున్న కొంగను నా కళ్లతో చూశాను.

నర్సంపేట గాలం
నా దారం నేను చుట్టి ఇంటికి తెచ్చుకుంటాను. తెగిన ముక్క కూడా వదలను. ఏ కుంట దగ్గర చూశారు ఆ కొంగను? ఎవరి దారం అది? వలలు వేసేవాళ్లది కూడా నైలానే కదా. తెగిన వల ముక్కలు తుమ్మ చెట్లకు వేలాడుతుంటే మీకు కనపడలేదా?

అడవిబాట
వలలు వేసేది పెద్ద చెరువులో. మనం మాట్లాడేది లోపలి కుంటల గురించి.

నర్సంపేట గాలం
దారం ఎవరిదో చెప్పండి ముందు.

మత్తడి కింద
దారం సంగతి తర్వాత. చెరువు మీద చేపలు పట్టే మత్స్యకారుల సంఘం సభ్యుడిగా ఒక మాట. 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న చేప పిల్లలను మేము చెరువులో వదులుతున్నాం. రవ్వ, బొచ్చె, బంగారు తీగ. రాత్రుళ్లు మేమే కాపలా ఉంటున్నాం. చెరువు నిండి మత్తడి (అలుగు) పోసినప్పుడు వాటిల్లో కొన్ని కిందికి పోతాయి, వాగులోకి, కుంటల్లోకి. ఆ కుంటలో మీకు రవ్వ దొరికిందంటే అది మా కష్టం. రెండేళ్ల కింద మా వల కోసి చేపలు ఎత్తుకుపోయారు. చేసింది ఎవరో తెలియదు గానీ ఆ పొద్దున గాలాలు పట్టుకున్నవాళ్లు కట్ట మీద ఉన్నారు.

నర్సంపేట గాలం
గాలం పట్టుకున్న ప్రతివాడూ వల కోసే దొంగేనా? పిల్లలు కొన్నది ప్రభుత్వ డబ్బుతో, అంటే అందరి డబ్బుతో. వాగులోకి పోయిన చేప మీద సంఘం పేరు రాసి ఉంటుందా?

మత్తడి కింద
రాసి ఉండదు. రాత్రి కాపలా ఉన్నవాడి ముఖం చూసి చెప్పండి ఆ మాట.

వరంగల్ కోట
కాకతీయుల చెరువు మీద ఇంత పంచాయితీ ఏమిటి? గణపతిదేవుడి కాలంలో కట్టిన చెరువు. అభయారణ్యం అయ్యింది 1952లో. చెరువు ముందు, రూల్ తర్వాత.

అడవిబాట
చెరువుకు ఎవరూ అడ్డు చెప్పట్లేదు. లోపలి కుంటలు వేరు. ఇది ఎన్నోసారి చెప్పడం?

నర్సంపేట గాలం
సరే, అసలు మాట చెప్తాను. అడవికి నష్టం చేసేది గాలం కాదు. ఎండాకాలంలో మడుగుల్లో పురుగుమందు కలిపేవాళ్లు, కరెంటు వైర్లు వేసేవాళ్లు. వాళ్లు ఎవరో లోపలి గూడేలవాళ్లకు తెలుసు. వాళ్లే చేస్తారు. వాళ్లను పట్టుకోలేక మా కర్రలు గుంజుకుంటారు.

కొత్తగూడ బిడ్డ
ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను. ఈ మాట తర్వాత ఊరుకోలేను.

మాది లోపలి గూడెం. కోయవాళ్లం. మందు కలిపిన మడుగులో మా పశువులు తాగుతాయి, మా పిల్లలు దిగుతారు. ఆ నీళ్లలో మేమెందుకు మందు కలుపుకుంటాం? అభయారణ్యంలో రసాయనాలు, పేలుడు పదార్థాలు వాడొద్దని 32వ సెక్షన్ ఉంది. చేసినవాడి మీద కేసు పెట్టండి, ముందు నిలబడేది మేమే. కానీ రుజువు లేకుండా 'గూడేలవాళ్లే' అని రాస్తే, రేపు వాగు దగ్గర బుట్టతో కనిపించిన మా తాతను అదే మాట అని కొడతారు. కిందటి వానాకాలం మా నాన్న వెదురు బుట్ట పెట్టి పరక చేపలు తెచ్చుకుంటుంటే బుట్ట విరగ్గొట్టారు. కూరకు సరిపోయేన్ని కూడా లేవు అందులో. ఆయన ఏ ఫోరంలోనూ రాయలేదు, రాయడం రాదు కాబట్టి.

మీరందరూ 'అనుమతి ఇవ్వాలి', 'ఇవ్వొద్దు' అంటున్నారు. ఎవరు ఇవ్వాలి? 2006 అటవీ హక్కుల చట్టం 3(1)(డి) చదవండి. చేపలు, నీటి వనరుల్లో దొరికేవాటి మీద సాముదాయక హక్కు అక్కడ ఉండేవాళ్లదని రాసి ఉంది. అభయారణ్యాలకు కూడా ఆ చట్టం వర్తిస్తుంది. 5వ సెక్షన్ వన్యప్రాణిని, నీటి వనరులను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది.

నర్సంపేట గాలం
అక్కా, అందరినీ కలిపి అనలేదు. కొందరి గురించి అన్నాను.

కొత్తగూడ బిడ్డ
'వాళ్లే చేస్తారు' అని ఉంది, పైన చూసుకోండి.

నిర్వాహకుడు
ఏ ఊరినీ ఏ కులాన్నీ ఆధారం లేకుండా అనొద్దు. ఇంకోసారి అయితే చర్చ మూసేస్తాం.

అడవిబాట
కొత్తగూడ బిడ్డ గారూ, మీ హక్కు మీద నాకు అభ్యంతరం లేదు. భయం ఒక్కటే. గూడెం పేరు మీద బయటి వ్యాపారి వచ్చి లారీలో చేపలు ఎత్తుకుపోతే ఆపేది ఎవరు? అందుకే నేను పూర్తిగా వద్దంటాను.

కొత్తగూడ బిడ్డ
మేమే ఆపుతాం. హక్కు పత్రం చేతిలో ఉంటే ఆపగలం. ఇప్పుడు మాకే ఆ కుంట మీద మాట లేదు, వ్యాపారిని ఏమని ఆపాలి? పూర్తిగా వద్దంటే ఏమవుతుందో మాకు తెలుసు. పగలు మా బుట్ట విరుగుతుంది, రాత్రి కరెంటు వైరు పడుతుంది. రాత్రి అడవిలో ఉండేది మీరు కాదు, సాముదాయక హక్కుల దరఖాస్తు ఫారం-బి కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేది కూడా మీరు కాదు.

మత్తడి కింద
ఈ మాట నిజం. మా చెరువు మీద కూడా కాపలా ఉండేది మేమే, మాట చెప్పేది అందరూ.

నర్సంపేట గాలం
అయితే నాలాంటివాడి సంగతి ఏమిటి? నేనూ ఈ నేల మీదే పుట్టాను. మా తాత ఆ వాగులోనే చేపలు పట్టాడు. ఉద్యోగం కోసం హన్మకొండలో ఉంటున్నానని బయటివాణ్ని అయిపోయానా? ఆదివారం గంట సేపు నీళ్ల పక్కన కూర్చోవడం మాకు సరదా అంటారు. వారమంతా ఉండే టెన్షన్‌కు నాకు ఉన్న మందు అదొక్కటే.

కొత్తగూడ బిడ్డ
అన్నా, కూర్చోవద్దని ఎవరూ అనలేదు. ఏ కుంట దగ్గర, ఏ నెలలో, ఎంతమంది అన్నది చెప్పాల్సింది మా గ్రామసభ. కొర్రమట్ట పిల్లలు పెట్టే కాలంలో మా పెద్దవాళ్లు ఆ గుంపుల జోలికే పోరు, అడవిబాట గారు చెప్పింది మాకు కొత్త కాదు. రుసుము కడతానన్నారు కదా. కడితే గ్రామసభకు కట్టాలి. ముందు మా హక్కుల దరఖాస్తు డివిజన్ స్థాయి కమిటీలో కదలాలి. మీ కర్రలకు రసీదు అడిగినంత గట్టిగా దాని గురించి ఎప్పుడైనా అడిగారా?

నర్సంపేట గాలం
అడగలేదు. కానీ గ్రామసభ వద్దంటే?

కొత్తగూడ బిడ్డ
వద్దంటే వద్దే.

అడవిబాట
ఆ కొంగను చూసింది మార్చిలో, లోపలి కుంట దగ్గరే. అక్కడ ఎవరూ వల వేయరు. ఆ దారం గాలానిదే.

నర్సంపేట గాలం
మళ్లీ దారమేనా?