విజయవాడ హైవేలో లారీలు కుడి లేన్ ఎందుకు వదలవు? ఎడమ నుంచి దాటడం తప్పేనా?

ప్రశ్న (హైవే బాటసారి):

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారిపై తరచూ తిరిగేవారిని ఒక సందేహం అడగాలనుకుంటున్నాను. చౌటుప్పల్ దాటిన దగ్గర నుంచి కోదాడ వరకూ లోడు లారీలు డివైడరును ఆనుకుని, అంటే వేగంగా వెళ్లేవారికి వదలవలసిన కుడి లేన్‌లోనే, తాపీగా సాగుతుంటాయి. హారన్ కొట్టినా, లైట్లు వేసి ఆర్పినా పక్కకు జరగవు. చివరికి విసుగెత్తి కార్లన్నీ ఎడమ నుంచే దూసుకుపోతున్నాయి. సంక్రాంతి రద్దీలోనైతే అదే పద్ధతి అన్నట్టుగా మారిపోయింది. నెమ్మదిగా వెళ్లే వాహనం ఎడమన ఉండాలన్నది లైసెన్సు పరీక్షకు చదివే తొలి పాఠాల్లో ఒకటి కదా, లారీ డ్రైవర్లకు అది తెలియకపోవడమా, లేక నిర్లక్ష్యమా? ఎడమ నుంచి దాటడం చట్టరీత్యా ఎంతవరకు తప్పు?

జవాబు (లోడు బండి):

మాకు లారీలున్నాయి, నేనూ కొన్నేళ్లు స్టీరింగ్ పట్టినవాణ్నే కాబట్టి మా వైపు నుంచి చెబుతాను. రూలు తెలియక కాదండీ. ఎడమ లేన్ పేరుకే లేన్. తెల్లవారుజామున ఒక్కసారి దానిలో పోయి చూడండి: దాబా ముందు పార్కింగ్ లైట్లు కూడా వేయకుండా సగం రోడ్డు మీద నిలిపిన బండి, టైరు పంక్చరై ఆగి వెనుక నాలుగు రాళ్లూ ఒక వేపకొమ్మా పెట్టుకున్న ట్రాలీ, సీజనులో ఆరబోసిన మొక్కజొన్న, అన్నిటికీ మించి రాంగ్ రూట్లో ఎదురుగా వచ్చే పాలక్యాన్ల మోటారుసైకిల్. అతను రోడ్డు అంచునే పట్టుకుని వస్తాడు, అంటే రూలు ప్రకారం ఎడమన నడిపేవాడికే ఎదురుపడతాడు. నేను 60లో, అతను 40లో వస్తుంటే మా మధ్య దూరం సెకనుకు 28 మీటర్ల చొప్పున తరిగిపోతుంది. లైటు డిప్‌లో ఉన్నప్పుడు స్పష్టంగా కనబడేది యాభై, అరవై మీటర్లు; అంటే ఆలోచించడానికీ బ్రేకు తొక్కడానికీ కలిపి నాకు దక్కేది రెండు సెకన్లు. ఇరవై టన్నుల లోడు రెండు సెకన్లలో ఆగదు. 2017 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త బైకులకు హెడ్‌లైటు దానంతటదే వెలుగుతుంది గానీ, పల్లెల్లో తిరిగే పాత బండ్లలో చాలావాటికి ఆ లైటూ ఉండదు. అందుకే మా డ్రైవర్లు డివైడరు పక్కన గన్నేరు చెట్ల వెంబడి పోవడమే క్షేమమనుకుంటారు.

ఇక మీరు ఎడమ నుంచి దాటుతామన్నారు. పూర్వం లారీకి క్లీనరు ఉండేవాడు, ఎడమ కిటికీలోంచి తల బయటపెట్టి కారు వస్తోందని కేకేసేవాడు. ఇప్పుడు చాలా బండ్లు ఒక్క డ్రైవరుతోనే నడుస్తున్నాయి. క్యాబిన్ ఎడమ తలుపును ఆనుకుని వచ్చే చిన్న కారు మా అద్దంలో పడదు. సరిగ్గా అప్పుడే మేము ఎడమకు తిప్పితే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు.

జవాబు (రోడ్డు పక్క ఊరు):

పాలక్యాన్ల బైకు మాట వచ్చింది గనుక నేనూ చెప్పాలి. మాది సూర్యాపేట దాటాక హైవేను ఆనుకుని ఉన్న ఊరు. ఇళ్లన్నీ ఒక వైపు, పాలకేంద్రం, పొలాలు రెండో వైపు. ప్రమాదాలు జరుగుతున్నాయని ఊరి ఎదుట ఉన్న డివైడరు గ్యాపును మూసేశారు. మూయడం మంచిదే, కాదనను. కానీ దాని బదులు వేసిన సర్వీసు రోడ్డు ఊరి చివర బడి దగ్గరే ఆగిపోయింది. పద్ధతిగా వెళ్లాలంటే ముందు జంక్షను వరకూ పోయి యూ టర్న్ తీసుకుని మళ్లీ అంత దూరం వెనక్కి రావాలి. రోజుకు రెండు పూటలా పాలు పోసే మనిషి ఆ పెట్రోలు ఖర్చు ఎక్కడి నుంచి తెస్తాడు? మొక్కజొన్న సంగతీ అంతే, కల్లాలు లేకనే రోడ్డెక్కింది. అయితే సర్వీసు రోడ్డు ఉన్నచోట కూడా అలవాటు కొద్దీ హైవే మీదే ఎదురు వచ్చే కుర్రాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు, వాళ్లను నేను వెనకేసుకురాను.

జవాబు (నల్లకోటు):

చట్టం మాట అడిగారు కాబట్టి అంతవరకు చెబుతాను. ముందున్న వాహనాన్ని సాధారణంగా కుడివైపు నుంచే దాటాలి. అది కుడికి తిరగడానికి సిగ్నలిచ్చి రోడ్డు మధ్యకు జరిగినప్పుడు ఎడమ నుంచి వెళ్లడం వేరు సంగతి. 2019 సెప్టెంబరు 1 నుంచి అమలైన సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌లో రాంగ్ సైడ్ నడపడం, నిబంధనకు విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడం, చేతిలో ఫోన్ పట్టుకుని నడపడం మూడింటినీ ప్రమాదకరమైన డ్రైవింగ్‌గా పేర్కొన్నారు. మొదటిసారికి ఆరు నెలల నుంచి ఏడాది వరకూ జైలు గానీ, వెయ్యి నుంచి అయిదు వేల రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకూ శిక్ష ఉంటుంది. చాలామందికి తట్టని విషయం మరొకటి: ఎదురు వచ్చిన బైకుకు కారు తగిలితే పెద్ద బండిదే తప్పని ఊళ్లో పంచాయితీ తేలుతుంది గానీ, క్లెయిముల ట్రిబ్యునల్ బైకు నడిపినవాడి నిర్లక్ష్యం పాలు ఎంతో లెక్కగట్టి పరిహారంలో ఆ మేరకు కోత పెడుతుంది.

కేంద్ర రవాణా శాఖ 2022 నివేదికలో ఆ ఏడాది రోడ్డు ప్రమాదాల మృతులు 1,68,491 మంది. కారణాల్లో అతివేగం మొదటిదైతే, దాని తరువాతిది రాంగ్ సైడే. నా మటుకు నాకు పోలీసులు ప్రమాద వివరాలు నింపే పత్రంలోని ఆ అతివేగం గడిని పూర్తిగా నమ్మబుద్ధి కాదు. పక్కన ఏమేం జరిగిందో విచారించే తీరిక లేనప్పుడు కలం ముందుగా పోయేది దాని మీదికే.

ప్రశ్నించినవారు (హైవే బాటసారి):

లోడు బండి గారూ, కుడి లేన్ వెనుక ఇంత కథ ఉందనుకోలేదు. అయితే పట్టపగలు, ఎడమ లేన్ కనుచూపు మేర ఖాళీగా ఉన్నప్పుడు కూడా జరగని లారీల మాటేమిటి?

జవాబు (లోడు బండి):

పగలు జరగకపోవడం పొగరు, దానికి సాకు లేదండీ. రాత్రి మాత్రం వెనుక అంటుకుని హై బీమ్ కొట్టకండి, అద్దాల నిండా వెలుగు పడి మాకు ఎడమన ఏముందో అసలే కనబడదు. కాస్త దూరం ఉంచి ఒకటి రెండుసార్లు డిప్పర్ ఇచ్చి, కుడి ఇండికేటరు వేసి ఉంచితే వీలైన చోట జరుగుతాము. దారిలో లైట్లు లేకుండా నిలిచిన బండి కనబడితే జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కు ఫోన్ చేసి, దగ్గరలోని కిలోమీటరు రాయి మీది అంకెతో పాటు మీరు ఏ దిక్కుకు వెళ్తున్నారో కూడా చెప్పండి. దిక్కు చెప్పకపోతే వచ్చే పెట్రోలింగ్ వాహనం డివైడరుకు అవతల వెతుక్కుంటుంది.