చార్లెస్టన్ ట్రిప్: ప్లాంటేషన్‌కి వెళ్ళాలా, వదిలేయాలా?

కోనసీమ కారోడు (షార్లెట్):
థాంక్స్‌గివింగ్ సెలవులకి కార్లో బయల్దేరుతున్నాం. నేను, మా ఆవిడ, పిల్లలు (12, 7), కోనసీమ నుంచి వచ్చిన అమ్మానాన్న. మొదటి రోజు కాంగరీ నేషనల్ పార్క్‌లో చిత్తడి అడవి, తర్వాత రెండు రోజులు సౌత్ కరోలినాలోని చార్లెస్టన్. అడవి దగ్గర పేచీ లేదు. మా ఆవిడకి అక్కడి బూన్ హాల్ ప్లాంటేషన్‌లో (అంటే పాతకాలపు దొరల పెద్ద వ్యవసాయ ఎస్టేట్) 1743లో నాటిన ఓక్ చెట్ల బాట కింద కుటుంబమంతా ఫొటో దిగాలని ఎప్పట్నుంచో ఉంది. మా బావమరిది ఫోన్లో "బానిసల చేత చాకిరీ చేయించిన చోట పట్టుచీర కట్టుకుని ఫొటోలేంటక్కా?" అన్నాడు. ఆ రోజు నుంచి అక్కాతమ్ముళ్ళకి మాటల్లేవు. మధ్యలో నేను నలుగుతున్నా. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

అట్లాంటా అత్తయ్య:
శుభ్రంగా వెళ్ళండి బాబూ. మేం రెండుసార్లు వెళ్ళాం. ఆ చెట్ల బాట పక్కనే బానిసలున్న తొమ్మిది ఇటుక గదులు ఇప్పటికీ ఉన్నాయి, వాళ్ళ గురించీ చెప్తారు. ఏదీ దాచట్లేదుగా. అంత పట్టించుకుంటే తాజ్‌మహల్ కూడా చూడకూడదు. అన్నట్టు కాంగరీలో తినడానికేం దొరకదు. పులిహోర కలుపుకెళ్ళండి, పెద్దవాళ్ళకి పెరుగన్నం విడిగా.

పాలమూరు పోరడు:
తాజ్‌మహల్ దాకా ఎందుకు అత్తయ్యా? మా ఊర్లనే దొర గడీ ఉంది. మా తాత అండ్ల వెట్టి చేసిండు. గడీ ముందట్నుంచి పోవాల్నంటే చెప్పులు చేతుల పట్టుకొని పోయేటోడంట. ఇప్పుడు గదే గడీల ప్రీవెడ్డింగ్ షూట్లు అయితున్నయ్. పిల్ల లెహంగా ఏసుకొని అరుగు మీద కూసుంటది, పైన డ్రోన్ తిరుగుతది. మా నాయిన అటు దిక్కు సుత సూడడు. సూడనీకి పోతే పోన్రి అన్నా, ఫొటోకు మాత్రం పోకున్రి.

లెక్కల మాస్టారు (గ్రీన్‌విల్):
తమ్ముడూ, నీ బాధ అర్థమైంది గానీ ఆ పోలిక పూర్తిగా కుదరదు. వెట్టి ఘోరమే. ఇక్కడ మాత్రం మనిషే ఆస్తి. యజమాని పోతే వీలునామాలో గొడ్లతో పాటు మనుషుల్నీ పంచేవాళ్ళు, అప్పు పడితే తల్లి దగ్గర్నుంచి పిల్లని లాగి అమ్మేవాళ్ళు. చార్లెస్టన్‌లో వీధిలో వేలం వేయడం 1856లో నిషేధించారు. నిషేధించింది అమ్మకాన్ని కాదు, అది నలుగురి కళ్ళబడటాన్ని. అందుకే వేలం గోడల చాటుకి చేరింది. ఆ చోట్లలో ఒకటి ఇప్పుడు ఓల్డ్ స్లేవ్ మార్ట్ మ్యూజియం.

ఇక ప్లాంటేషన్ అంటారా, చూడాల్సిందే. కాకపోతే జేమ్స్ ఐలాండ్‌లోని మెక్‌లియడ్‌కి వెళ్ళండి. కౌంటీ పార్కుల శాఖ 2015లో తెరిచింది. అక్కడ కథ దొరగారి భోజనాల బల్ల దగ్గర మొదలవదు, పత్తి తీసినవాళ్ళ గదుల దగ్గర మొదలవుతుంది. ఈ ఫొటోల గొడవ మీ ఇంట్లోనే పుట్టిందేం కాదు. ప్లాంటేషన్ పెళ్ళిళ్ళకి ప్రచారం మానేస్తామని 2019లోనే పింటరెస్ట్ (ఫొటోలు పంచుకునే వెబ్‌సైట్) వాళ్ళు ప్రకటించారు.

పాలమూరు పోరడు:
మాస్టారూ, ఎవ్వల బాధ ఎక్కువని తూకమేస్తలేను. ఫొటో దిగేటోడు ఎవ్వల పక్క నిలబడ్డట్టు అని అడుగుతున్న.

అట్లాంటా అత్తయ్య:
పెద్దాడి సంగతి సరే, ఏడేళ్ళ పిల్లకి ఇవన్నీ ఇప్పుడే చెప్పాలా? రాత్రి నిద్రపోతుందా? నీళ్ళ మధ్యలో ఉన్న ఫోర్ట్ సమ్టర్ కోటకి పడవెక్కించండి చాలు. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలైన చోటు, గాలి, పక్షులు, ఫిరంగులు.

వడ్లగింజ (కొలంబియా):
అత్తయ్యగారూ, అదే పడవలో వెళ్తూ చెప్పదగ్గ కథ ఒకటుంది. రాబర్ట్ స్మాల్స్ అని బానిస, ఓడ నడిపేవాడు. 1862 మేలో, తెల్ల అధికారులు ఒడ్డున పడుకున్న రాత్రి, 'ప్లాంటర్' అనే ఓడలో భార్యాపిల్లల్ని, తోటివాళ్ళని ఎక్కించుకుని, కెప్టెన్‌లా టోపీ పెట్టుకుని, బానిసత్వం కోసం పోరాడే దక్షిణాది సైన్యం చేతిలో ఉన్న ఆ ఫోర్ట్ సమ్టర్ ముందు నుంచే దర్జాగా దాటేశాడు. తర్వాత అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికయ్యాడు. ఏడేళ్ళ పిల్ల ఇది విని భయపడదు, మళ్ళీ చెప్పమంటుంది.

అసలు సంగతి ఎవరూ ఎత్తలేదు. వరి. చార్లెస్టన్‌లో ఆ మేడలన్నీ లేవడానికి మూలం కరోలినా గోల్డ్ అనే వరి వంగడం. వరి పండించడం తెలిసిన మనుషుల్ని సెనెగల్, సియెర్రా లియోన్ వైపు నుంచి పట్టుకొచ్చారు. సైప్రస్ చెట్లు నిండిన చిత్తడి అడవుల్ని కొట్టించి, గట్లు వేయించి, సముద్రపు పోటుకి నది పైకి పొంగినప్పుడు మంచినీళ్ళు పొలంలోకి ఎక్కేలా, ఆటుకి దిగిపోయేలా తూములు పెట్టించారు. మొదట్లో తూమంటే తొలిచిన సైప్రస్ దుంగ, దానికో బిరడా. ఎండాకాలం జ్వరాలకి భయపడి దొరలు పట్నానికి వెళ్ళిపోయేవారు, బురదలో మిగిలేది వీళ్ళే.

కాంగరీ అలా కొట్టేయకుండా మిగిలిన అడవి. పార్కు వాళ్ళు 'స్వాంప్' అనొద్దంటారు, నది పొంగినప్పుడు మునిగే వరద మైదానమట. ఏడాదికి పదిసార్లు మునిగేదాన్ని ఏమంటేనేం లెండి. పారిపోయిన బానిసలు ఆ చెట్ల మధ్య దాక్కుని బతికారు. అందుకే ముందు అడవి, తర్వాత ఊరు అనే మీ వరస బాగుంది. బూన్ హాల్‌కి వెళ్ళినా ఆ చెట్లు కాదు, ఇటుకలు చూపించండి. వాటి మీద చేసినవాళ్ళ వేలిముద్రలుంటాయి.

ఆ బావమరిదిని నేనే:
బావా, ఇంటి గొడవ తెచ్చి ఇక్కడ పెట్టావా! నేను ప్లాంటేషన్‌కి వెళ్ళొద్దనలేదు. పట్టుచీర వద్దన్నాను. అక్కకి ఆ రెండూ ఒకటే అయితే నేనేం చేయను?

కోనసీమ కారోడు:
అందరికీ థాంక్స్. నిన్న రాత్రే తిరిగొచ్చాం.

కాంగరీలో దోమల మీటరుంది, 'క్షేమం' నుంచి 'యుద్ధభూమి' దాకా. మేం వెళ్ళేసరికి క్షేమంగానే ఉంది. చెక్క వంతెన మీద నడుస్తుంటే చుట్టూ నీళ్ళు, వాటిలోంచి మోకాళ్ళలా పొడుచుకొచ్చిన సైప్రస్ వేర్లు. పారిపోయినవాళ్ళ సంగతి చెప్పాను. "కుక్కలు వాసన పట్టవా?" అన్నాడు పెద్దాడు. నీళ్ళలో వాసన అందదేమో అన్నాను. నిజమో కాదో!

మెక్‌లియడ్‌కి వెళ్ళాం. మా ఆవిడ మామూలు చుడీదార్‌లోనే వచ్చింది, కానీ దారంతా మౌనవ్రతం. అక్కడ గైడ్ చెప్తుంటే మాత్రం ముందు వరసలో నిలబడింది.

సిటీ మార్కెట్లో గల్లా జాతి (ఈ తీరానికి బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల వారసులు) ఆవిడ ఒకరు గడ్డితో అల్లిన బుట్టలు అమ్ముతోంది. వాటిలో ఒకటి వెడల్పుగా, లోతు లేకుండా ఉంది. నాన్న చూడగానే "ఇది చేట రా" అని చేతిలోకి తీసుకుని ఉత్త గాలిలోనే చెరగడం మొదలెట్టారు. ఆవిడ నవ్వేసి ఇంకోటి తీసుకుని తనూ చెరిగింది. వడ్లు చెరగడానికే వాళ్ళ పూర్వీకులు అల్లేవారట. ఒకరి మాట ఒకరికి తెలీదు, రెండు నిమిషాలు అలాగే చెరిగారు. ధర విని అమ్మ వెంటనే కింద పెట్టించేసింది.

ఫొటో కూడా కుదిరింది. జాన్స్ ఐలాండ్‌లో ఏంజెల్ ఓక్ అని వందల ఏళ్ళ మహావృక్షం ఉంది, కొమ్మలు నేలకి ఆనుకుని ఉంటాయి. దాని దగ్గర పట్టుచీరతోనే దిగాం. టికెట్ లేదు, ప్లాంటేషన్ కాదు. గొడవ తీరిపోయింది.

ఆ బావమరిదిని నేనే:
బావా, ఏంజెల్ అంటే దేవత అనుకున్నావా? అది ఆ భూమి ఆసామి ఇంటిపేరు. వాళ్ళదీ ప్లాంటేషనే, వాళ్ళకీ బానిసలుండేవారు.

కోనసీమ కారోడు:
మీ అక్కకి చెప్పకురా. ఆ ఫొటో ఫ్రేమ్ కట్టడానికి ఇచ్చేసింది.