సబ్‌మెరైన్ సిమ్‌లో (నిజంగా నడుపుతున్నట్టుండే గేమ్‌లో) ముందు ఏది కావాలి: గ్రాఫిక్సా, రియలిజమా?

మౌనవేట:
ఈమధ్య వచ్చే సబ్‌మెరైన్ సిమ్‌లన్నిటిదీ ఒకటే వరస. ట్రైలర్ నిండా అలలు, సూర్యాస్తమయం, తీరా ఆడితే నీళ్ళలో చప్పుడు వినే హైడ్రోఫోన్‌లో సరుకు ఓడా, డిస్ట్రాయర్ యుద్ధనౌకా ఒకేలా మోగుతాయి. 2005 నాటి సైలెంట్ హంటర్ 3 గేమ్‌ని ఇంకా మోడ్‌లు (ఆటగాళ్ళే చేసిన మార్పులు) వేసుకుని ఆడుతున్నారంటే ఊరికే కాదు. నీళ్ళ కింద ఎలాగూ ఏమీ కనపడదు, ఆ కష్టమేదో సోనార్ మీద పెట్టాలి. సబ్‌మెరైన్ బయట నుంచి చుట్టూ చూపించే బయటి కెమెరా అయితే మొత్తానికే తీసెయ్యాలి. డెవలపర్లకి పంపడానికి దాని మీద పోల్ పెట్టా, ఓటెయ్యండి.

అలలదారి:
ఏమీ కనపడదా? రెండో ప్రపంచ యుద్ధం నాటి సబ్‌మెరైన్లు ఎక్కువసేపు పైనే తిరిగేవి అన్నా. జర్మన్ల టైప్ 7సీ పైన 17 నాట్లు దాటుతుంది, మునిగితే 7 చిల్లర, అదీ బ్యాటరీ ఉన్నంతసేపే. ఇంకోటి, పెరిస్కోప్‌లో ఉండే స్టాడిమీటర్‌తో దూరం ఎలా కొలుస్తావ్? ఓడ బొమ్మని రెండు చేసి ఒకదాని మాస్ట్ కొస ఇంకోదాని వాటర్‌లైన్‌కి ఆనిస్తావ్. మోడల్‌లో మాస్ట్ ఎత్తు తప్పు గీస్తే నీ లెక్కంతా తప్పే. ఇది గ్రాఫిక్సా రియలిజమా నువ్వే చెప్పు.

టార్పెడో99:
కోల్డ్ వాటర్స్ గేమ్‌లో బయటి కెమెరా ఉందిగా, ఏం కొంప మునిగింది

మౌనవేట:
అది వేరే రకం ఆట, బయట నుంచి చూస్తూనే ఆడేది. ఇక్కడ నువ్వు థర్మల్ లేయర్ (సోనార్‌ని పక్కకి మళ్ళించే, వేడి మారే నీటి పొర) కిందకి దిగి కూర్చున్నావ్, పైన వెతికే ఓడకి నువ్వు దొరికావో లేదో తెలీదు, ప్రొపెల్లర్ చప్పుడు దగ్గరవుతోందా దూరమవుతోందా అని వింటున్నావ్, ఆ అనుమానమే కదా ఆట. కెమెరా తిప్పి చూసేస్తే ఇంకేం మిగిలింది?

అలలదారి:
మళ్ళీ కెమెరానే. నేనడిగింది స్టాడిమీటర్ గురించి. కెమెరా వద్దంటే ఆప్షన్స్‌లో ఆఫ్ చేసుకో.

మౌనవేట:
ఆఫ్ చేసుకోడం కాదు పాయింట్. ఇంకా తయారవుతుండగానే ఒక గేమ్ కొన్నా. అప్‌డేట్‌లో కొత్త నీళ్ళు వచ్చాయి, నా సిస్టంలో ఫ్రేమ్‌లు పడిపోయాయి, సరుకు ఓడలకి కాపలా వచ్చే ఎస్కార్ట్ నౌకకి మాత్రం ఇంజన్ ఆపి మన చప్పుడు వినడం ఈరోజుకీ రాలేదు. మేం రాసిన రిపోర్టులు అలాగే పడున్నాయి.

లోతుమీటర్:
అమెరికా మార్క్ 14 టార్పెడో సెట్ చేసినదానికన్నా లోతుగా పోయేది, తగిలినా పేలేది కాదు, 1943 దాకా అదే గోల. పూర్తి రియలిజం అంటే అదీ పెట్టాలి. ఎంతమంది ఓపిగ్గా ఆడతారు?

మౌనవేట:
ఓపిక లేనోళ్ళు ఆడక్కర్లేదు. వాళ్ళకి షూటింగ్ గేమ్‌లు బోలెడు.

అలలదారి:
ఇదీ అసలు సంగతి! నేను చేరిన కొత్తలో ఏఓబీ ఎలా అంచనా వెయ్యాలి, ఎదుటి ఓడ ముక్కు మనకి ఎంత కోణంలో ఉందో ఎలా తెలుస్తుంది అని అడిగితే, ఆటో టార్గెటింగ్ పెట్టుకుని బొమ్మలు చూసుకో అన్నారు. మీ గ్యాంగే. ఒక్కరు జవాబు చెప్పలా. వెన్నెల్లో డెక్ మీద నీళ్ళు విరుచుకుపడుతుంటే దూరంగా పొగ కనపడింది, దానికి ఒళ్ళు జలదరించే నేను ఈ ఆటల్లోకొచ్చా, ఆ తర్వాతే కూర్చుని ఏఓబీ నేర్చుకున్నా. నీకు కెమెరా కాదు, మేం ఇక్కడుండటమే ఇష్టం లేదు.

మౌనవేట:
మీరుండటం కాదు. జనం పెరిగితే వాళ్ళడిగిందే చేస్తారు, కొన్నాళ్ళకి వాళ్ళు వేరే ఆటకి పోతారు, ఏళ్ళ తరబడి ఉండే మాకు మెరిసే నీళ్ళు మిగుల్తాయి. నాకు కోపం అక్కడ.

అలలదారి:
ఆ జనం కొనకపోతే నీ సోనార్ ఎవరు చేస్తారు? ఎస్కార్ట్ సంగతి రాయి, నేనూ సంతకం పెడతా. కెమెరా పోల్‌కి మాత్రం వెయ్యను.

మౌనవేట:
వెయ్యకు. ఎస్కార్ట్‌ది వేరే థ్రెడ్‌లో పెడతా.